గుడారపు పళ్ళు

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టిలో ఎముకను, ఎముకలో ఓపికను ఉంచిన దేవునికి స్తోత్రం. ఏ గాయాన్నైనా ఒక్క మాటతో మాన్పగలిగీ, చాలాసార్లు నెమ్మదిగా, లోపలినుంచి, మన కంటికి కనబడకుండా మాన్పే తండ్రికి స్తోత్రం. ఆయన తొందరపడడు గనుక స్తోత్రం. మనల్ని మరిచిపోడు గనుక మరీ స్తోత్రం.

పోయిన వారం శంషాబాద్‌లో పళ్ళ డాక్టరమ్మ నా నోట్లో తాత్కాలిక పన్ను ఉన్న చిన్న ప్లేటు బిగించింది. కదిలిపోయిన పన్ను తీసేసి, ఆ చోట ఎముకలో ఇంప్లాంటు స్క్రూ పెట్టింది. ఎముక దాన్ని పట్టుకునేదాకా ఈ ప్లేటుతో గడపాలట. చూసుకొమ్మని అద్దం చేతికిస్తూ, "మీ చర్చిలో వాక్యం చదివే ఆవిడ బాగున్నారా అండీ? ఆవిడకీ నేనే పెట్టాను" అని అడిగింది. ఆమెది కోస్తా వైపు మాట, మెత్తగా ఉంటుంది.

"అక్క ఈ ఎండకాలం ప్రభువు దగ్గరికి పోయిందమ్మా" అన్నాను. కొత్త ప్లేటుకు నాలుక తట్టుకుని మాట వంకరగా వచ్చింది.

డాక్టరమ్మ అద్దం వెనక్కి తీసుకుని, ఏ మరకా లేకపోయినా కాసేపు తుడుస్తూ నిలబడింది. "ఆవిడ నాతో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదండీ. ఒక్కసారి తప్ప" అంది. ఆ ఒక్కసారి ఏదో నాకు తెలుసు. బస్సెక్కి కొత్వాల్‌గూడకు వస్తున్నంతసేపూ అక్క గురించే తలపోశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా సంఘంలో పాస్టరు అయ్యగారు ప్రసంగం చేసేటప్పుడు వాక్యం తాను చదవరు. అధ్యాయం, వచనం చెప్పి "చదువమ్మా" అంటారు. ముందు వరుసలో చాప మీద నుంచి అక్క మైకు పట్టుకుని చదివేది. ఆమె ఒక ముక్క చదివితే, అయ్యగారు ఆ ముక్కను అందుకుని విప్పి చెప్పేవారు. మళ్ళీ "చదువు" అనేవారు. కీర్తనలు ఎత్తుకునేది నేను గనుక నా చోటు ఎప్పుడూ ఆమె పక్కనే. అట్లా ఏళ్ళ తరబడి ఆ గొంతు పక్కన కూర్చున్నాను.

మా చర్చి రేకుల కప్పు మీదుగా విమానాలు దిగుతాయి. వచ్చాయంటే ఏ గొంతూ వినబడదు. విమానం మోత మొదలు కాగానే అక్క చదువుతున్న మాట మీద వేలు పెట్టి ఆగేది. సంఘమంతా లోపల్లోపల స్తోత్రం చెప్పుకునేది. మోత పోగానే ఆమె సరిగ్గా ఆ మాట నుంచే అందుకునేది, ఏమీ జరగనట్టు. ఇది ఆమెకు ఎంత అలవాటైందంటే, ఇంట్లో కష్టాలని ఎవరైనా వచ్చి ఏడ్చినా అదే మాట చెప్పేది. "వేలు తియ్యకు చెల్లె. మోత పోతది." అర్థం కాని కొత్తవాళ్ళు తమ చేతుల వంక చూసుకునేవాళ్ళు.

వచనం పూర్తికాకముందే ఆమెన్ అనేవాళ్ళంటే ఆమెకు గిట్టదు. మైకులోనే అనేది, "వాక్యం కానీయుండ్రి జర. ఆమెన్ యాడికి పోదు." అందరూ నవ్వేవాళ్ళు. అయ్యగారు కూడా.

అక్క చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయి వచ్చాక అత్తగారు బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది. ఆ అత్తకు చూపు పోయాక ఆమె చివరి దాకా కోడలే రోజూ చదివి వినిపించింది. చదవడం అక్కకు చదువు కాదు, పెద్ద దిక్కు చేతిలో పెట్టిపోయిన పని. భర్త పోయినప్పుడు కూడా మూడో ఆదివారానికే వచ్చి మైకు అందుకుంది.

ఆమె పని ఎయిర్‌పోర్టు పక్కన ఒక లాండ్రీలో. విమానాల్లో కప్పుకునే దుప్పట్లు ఉతికి వస్తే మడత పెట్టాలి. ఆ చేతులు మడవకుండా ఉండలేవు. బస్సులో టికెట్టు మడిచేది. పక్కన కూర్చుంటే నా కొంగు కూడా మడిచేది. "ఏంది అక్కా" అంటే, "ఊకె కూసుంటే చేతులకు నిద్రొస్తది" అనేది.

ఆ లాండ్రీలోనే సబ్బునీళ్ళ మీద జారి, దుప్పట్ల బండి ఇనుప పిడికి నోరు కొట్టుకుంది. పై ముందు పళ్ళు రెండూ పోయాయి. నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అక్క అడిగిన మొదటి మాట, "మల్ల చదవనీకి వస్తదా అమ్మా? తినుడు ఎట్లన్న తింట."

వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఎముకలో రెండు స్క్రూలు పెడతాననీ, వాటి చుట్టూ ఎముక కొత్తగా పెరిగి బిగుసుకోవడానికి నెలలు పడుతుందనీ, అప్పుడే అసలు పళ్ళు కూర్చోబెడతాననీ చెప్పింది. అప్పటిదాకా తాత్కాలిక పళ్ళ ప్లేటు. "వీటితో కొరకకూడదండీ. రాత్రి తీసి నీళ్ళలో పెట్టాలి. కింద గాయానికి ఒత్తిడి తగలకుండా లోపలి వైపు గీకి ఇస్తాను."

"కొరకనీకి పనికిరాకపోతే మరి ఎందుకమ్మా ఇవి?"

"మాట కోసం. నలుగురిలో నోరు తెరవడానికి. ఇంకోటి, ఖాళీ కనబడితే పక్క పళ్ళు అటు ఒరుగుతాయండీ. అసలువి వచ్చేదాకా ఇవి ఆ చోటు కాపాడతాయి."

మా వైపు విమానాశ్రయం వచ్చినప్పటి నుంచీ ఖాళీ జాగా అంటే జనానికి భయం. "అంటే ప్లాటు కబ్జా కాకుంట రేకుల రూం ఏసినట్టు" అంది అక్క రుమాలు వెనకనుంచి. డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని పని పక్కన పెట్టి నవ్వింది.

స్క్రూలు పెట్టించుకుని, ప్లేటు తగిలించుకుని వచ్చిన రోజు నుంచీ అక్క దాన్ని గుడారం అనే పిలిచింది. "ఉండు చెల్లె, గుడారం కడుక్కొస్త." "ఇయ్యాల గుడారం జర గుంజుతున్నది." ఐగుప్తు నుంచి బయలుదేరిన జనం సొంత దేశం చేరేదాకా గుడారాల్లోనే కదా బతికింది. రాగి జావ, మెత్తగా పిసికిన పప్పన్నం తింటూ, అడవిలో ఆ జనానికి దేవుడు కురిపించిన ఆహారం పేరు పెట్టి, "మన్నా తింటున్న" అనేది.

మొదటి ఆదివారం చదివినప్పుడు 'స' అన్నచోటల్లా ఈల వచ్చింది. మా చర్చిలో స్తోత్రం లేని వాక్యం ఉండదు. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని వంగిపోయారు. కూటం అయ్యాక అక్క వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, "నవ్వుండ్రి. ఈ ఈల కొన్ని దినాలే ఉంటది, మల్ల అడిగినా రాదు" అని, ఇంకోసారి స్తోత్రం చెప్పి వినిపించింది. తర్వాత లాండ్రీలో దుప్పట్లు మడుస్తూ, మిషన్ల మోతలో ఎవరికీ వినబడకుండా, స ఉన్న మాటలన్నీ పైకి చదువుకుందట. నెల తిరగకముందే ఈల పోయింది.

ఇక్కడే చిక్కు మొదలైంది. చూసేవాళ్ళకు పళ్ళున్నాయి. వినేవాళ్ళకు మాట బాగుంది. ఇక అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

మా సంఘపెద్ద మంచివాడు. ఎవరింట్లో జబ్బు ఉన్నా ముందు తలుపు తట్టేది ఆయనే. అయితే విశ్వాసం గురించి ఆయనకొక పట్టుదల ఉండేది. ప్రార్థన చేసిన తర్వాత, జరిగిందనే నోటితో ఒప్పుకోవాలి. ఇంకా జరగలేదంటే అది సందేహం. సంఘంలో చాలామందిమి అట్లాగే నేర్చుకున్నాం. జ్వరం ఒళ్ళు కాలుతుండగానే లేచి, స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పినవాళ్ళు మాలో ఉన్నారు.

"బిడ్డా, వచ్చే ఆదివారం నీ సాక్ష్యం ఉన్నది" అన్నాడాయన.

"ఇంక మానలే బాపు. ఇవి అసలు పండ్లు కావు."

"మానలే మానలే అనుకుంట కూసుంటే ఎట్ల మానుతది? మానిందని ఒప్పుకో. ఆయన జేస్తడు."

"చేస్తడు బాపు. చేసినంక చెప్త."

ఆయన నొచ్చుకున్నాడు. ఆదివారం తర్వాత ఆదివారం అడిగాడు. ఆడవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. ఇంత బాగా వాక్యం చదివే మనిషికి ఆ మాత్రం నమ్మకం లేదా అని ఒకరిద్దరు చాటుగా అనుకోవడం ఆమె చెవిన పడింది. అప్పటిదాకా నవ్వుతూ తోసేసిన మనిషి ఒకరోజు బస్సు కోసం నిలబడి నన్ను అడిగింది, "నాకు విశ్వాసం తక్కువున్నదా చెల్లె? నిజం చెప్పు." లేదన్నాను. ఆమె చేతిలోని కవరును మడుస్తూనే ఉంది, ఇక మడత పడనంత చిన్నగా అయ్యేదాకా.

జల్‌పల్లిలో మా సంఘం పిల్లకు ప్రధానం, అంటే నిశ్చితార్థం జరిగింది. ప్రార్థన, ఉంగరాలు అయ్యాక పళ్ళేలలో సకినాలు వచ్చాయి. బియ్యప్పిండితో చుట్టలు చుట్టి నూనెలో కాల్చేవి. గట్టిపళ్ళున్నవాళ్ళు కూడా చూసుకుని కొరకాలి. సంఘపెద్ద ఒకటి తీసి అక్క చేతిలో పెట్టాడు.

"కొరుకు బిడ్డా. విశ్వాసంతోని కొరుకు. ఈడ అందరం ఉన్నం, సాక్షులం."

మాటల్లో కోపం లేదు, ప్రేమే ఉంది. అదే కష్టం. చుట్టూ ఆడవాళ్ళు మాటలు ఆపి చూస్తున్నారు. "అక్కా, వద్దు" అని నేను చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి మెల్లగా విడిపించుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, ముందు పళ్ళతో కొరికింది.

ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. సకినం విరగలేదు.

ప్లేటు రెండు ముక్కలైంది. చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. అక్క రుమాలు నాలుగు మడతలు పెట్టి నోటికి అదిమి పట్టుకుంది. పిల్ల తల్లి పరేషానై పరుగెత్తుకొస్తే, "నీ సకినాలు మంచిగ కుదిరినయ్ వదినె" అంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో తీసి చూసింది. ఒక స్క్రూ కుదురుగానే ఉంది. రెండోది కదిలింది. చుట్టూ పట్టుకుంటున్న లేత ఎముక ఆ దెబ్బకు వదిలేసింది. దాన్ని తీసేసి, గాయం మాని, ఎముక నిండాక మళ్ళీ పెట్టాలి. మళ్ళీ అన్ని నెలలూ ఆగాలి. "ఈసారి కూడా కదిలితే అక్కడ ఎముక చాలదండీ. నేనేమీ చేయలేను" అంది. ఆ తర్వాత కొంచెం కటువుగా, "ఎవరు కొరకమన్నారు మిమ్మల్ని?" అని అడిగింది.

"ఎవలు అనలేదమ్మా. నాకే బుద్ధి పుట్టింది" అంది అక్క. డాక్టరమ్మకు ఆమె చెప్పిన ఒకే ఒక అబద్ధం అది.

వాపు తగ్గేదాకా కొత్త ప్లేటు పెట్టడానికి లేదు. తర్వాతి ఆదివారం ఇంకో పిల్ల మైకు తీసుకుని వాక్యం చదివింది. అక్క నా పక్కనే కూర్చుని, తన బైబిలులో వేలితో వరుస వెంట పోతూ పెదవులు కదిపింది. సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. అక్క లేచింది. అప్పటిదాకా నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మడిచి నా ఒడిలో పెట్టింది.

ముందు పళ్ళు లేని నోటితో ఆమె మాట్లాడింది. సగం మాటలు గాలిగా వచ్చాయి. అయినా ఒక్క మాట కూడా మాకు పోలేదు.

"నాకింక మానలే. మానిందని చెప్తే అబద్ధమైతది. ఇగ మానదు అని చెప్పినా అబద్ధమే. నేను నడుమ ఉన్న. నడుమ ఉన్నోళ్ళకు సాక్ష్యం లేదని అనుకున్న ఇన్ని దినాలు. అడవిల మన పెద్దోళ్ళు డేరాలు ఏసుకుని ఉన్నప్పుడు, మీరు దేశం చేరి ఇండ్లు కట్టుకోండ్రి, అప్పుడొస్త అన్నడా దేవుడు? అనలే. ఆళ్ళ డేరాల నడుమల తను గూడ డేరా ఏసుకున్నడు. గదే నా సాక్ష్యం. మానలే. ఆయన నాతోనే ఉన్నడు."

కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు నన్ను కీర్తన ఎత్తుకొమ్మన్నారు. నేను పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతూ ఉన్నాను. అక్క తొడ మీద గిల్లింది. "ఎత్తుకో. అందరం గిట్లనే కూసుంటమా" అని గొణిగింది.

ఆ వారంలోనే ఒక పొద్దున నేను ఆమె ఇంట్లో జావ కాస్తుండగా ఆటో ఆగింది. సంఘపెద్ద దిగాడు. క్షమించమని అడగడానికి వచ్చాడనుకున్నాను. అడిగాడు కూడా. "నువ్వు ప్రేమతోనే ఇచ్చినవు బాపు, నేను భయంతోని తిన్న" అంది అక్క. అయినా ఆయన లేవలేదు. కుర్చీలో వంగి ఎడమకాలి సాక్సు మెల్లగా తీశాడు. బొటనవేలు కింద పుండు నల్లబడి ఉంది. షుగరు పుండు.

"గిది మానిందని పోయిన క్రిస్మస్‌కు సాక్ష్యం చెప్పిన బిడ్డా. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇగ దవాఖానకు ఎట్ల పోవాలె? ఎవలన్న చూస్తే?"

ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదట. ఒక అబద్ధం కూడా ఆడాలనుకోని మనిషి, నమ్మకంతో ముందుగా పలికిన మాటను కాపాడుకోవడానికి, కాలు కుళ్ళిపోతున్నా నోరు మూసుకుని తిరిగాడు.

అక్క కింద కూర్చుని ఆ కాలు చేతిలోకి తీసుకుని చూసింది. "సంఘంల తర్వాత చెప్పొచ్చు బాపు. ముందుగాల డాక్టర్‌కు చెప్దాం పా" అని, జావ కూడా తాగకుండా అదే ఆటోలో ఎక్కించింది. దారిలో ఆయన కొడుక్కు ఫోను చేయించింది. దవాఖానలో వేలు తీసేశారు. ఇంకొన్ని దినాలు ఆగితే కాలు పోయేదని చెప్పారు.

కర్ర ఊతతో మళ్ళీ చర్చికి వచ్చిన ఆదివారం, సాక్ష్యాల సమయంలో ఆయన లేచాడు. ఆ గంభీరమైన గొంతు పిల్లవాడి గొంతులా వచ్చింది. "నాది మానలే. మానిందని చెప్పి తప్పు చేసిన. మీరంత ప్రార్థన చెయ్యండ్రి" అన్నాడు. అప్పుడు వెనక వరుసలోంచి, బడంగ్‌పేట్ నుంచి వచ్చే ఒక ఇల్లాలు లేచి, తన భర్త తాగుడు ఇంకా మానలేదని చెప్పింది. ఇంకొకరు లేచి, తనకింకా పని దొరకలేదన్నారు. ఆ రోజు మా కూటం చాలా ఆలస్యంగా ముగిసింది. అప్పటినుంచీ మా సంఘంలో అయ్యగారు సాక్ష్యాలు ఎవరివని అడిగాక, ఇంకొక మాట కూడా అడుగుతారు. "నడుమ ఉన్నవాళ్ళెవరు?" లేచినవాళ్ళ మీద చేతులుంచి ప్రార్థిస్తాం. డాక్టరు దగ్గరికి పోయారా అని కూడా అడుగుతాం.

అక్కకు కొత్త ప్లేటు వచ్చింది. రెండో స్క్రూ మళ్ళీ పెట్టారు. ఈసారి ఆమె ఏ పెళ్ళిలోనూ మెత్తని అన్నం తప్ప ఏదీ ముట్టలేదు. ఎవరైనా బలవంతం చేస్తే సంఘపెద్దే అడ్డం పడేవాడు. "ఆమె గుడారంల ఉన్నది. ఊకోండ్రి" అనేవాడు. ఆమె చదువుతూ ఉండేది, ఆ తాత్కాలిక పళ్ళతోనే, ఆదివారం తర్వాత ఆదివారం. ఇప్పుడు తలచుకుంటే, ఆమె నోట నేను విన్న వాక్యంలో నా లోపల దిగిపోయినదంతా ఆ నెలల్లో విన్నదే. అంతకుముందు ఆమె వాక్యాన్ని చక్కగా చదివేది. ఆ నెలల్లో, దాని మీద నిలబడి చదివినట్టు ఉండేది.

ఎముక పట్టుకుందని డాక్టరమ్మ చెప్పిన రోజు, స్క్రూ మీద చిన్న పనిముట్టుతో తట్టింది. గట్టి చప్పుడు వచ్చింది. "విన్నారాండీ?" అంది. అక్క కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకు అసలు పళ్ళు కూర్చున్నాయి.

ఆ ఆదివారానికి సంగతి మా అందరికీ తెలుసు. అందరం ఎదురుచూస్తున్నాం. అయ్యగారు సాక్ష్యం అడగకముందే సంఘమంతా ఆమె వైపు తిరిగింది. ఎంతో చెబుతుందనుకున్నాం. అక్క లేచి నిలబడింది. కర్ర మీద చేతులు పెట్టుకుని కూర్చున్న సంఘపెద్దను ఒకసారి చూసింది.

"మానింది" అంది.

అంతే. కూర్చుని, బైబిలు తెరిచి, ఆ రోజు వాక్యం ఉన్న పేజీ కోసం తిప్పడం మొదలుపెట్టింది.

ఇది చదువుతున్న ప్రియులారా, మీలో కొందరు కూడా ఇవాళ నడుమ ఉండి ఉంటారు. మానిందని చెప్పలేక, మానదని ఒప్పుకోలేక. మీకు తెలిసినవాళ్ళు అట్లా ఉండి ఉంటారు. వాళ్ళ పేర్లు మనసులో తలచుకుని, ఉన్నచోటే ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, నీవు మొదలుపెట్టిన పనిని మేము ముందే ముగించకుండా మా నోటికి కావలి ఉంచు. కాలేదని చెప్పే ధైర్యం మాకియ్యి. అది విని కూడా పక్కనే కూర్చునే ప్రేమ మా సంఘాలకియ్యి. మా ఎముకల్లో నీవు చేస్తున్నది మాకు కనబడకపోయినా, చేస్తున్నావని నమ్ముతున్నాం. యేసు నామంలో అడుగుతున్నాం. ఇప్పుడు మీరు కూడా చెప్పండి, ఆమెన్.